స్టాండ్‌బై డేటాబేస్ ఆపమంటే ఆగడం లేదు, 25 నిమిషాలుగా ఇంతే

రాత్రిడ్యూటీ
కెర్నల్ ప్యాచ్ వేయాలి, అందుకు స్టాండ్‌బైని ఆపాలి. అది ఆగదు. పోస్ట్‌గ్రెస్ 14 డేటాబేస్, లినక్స్. ఒక ప్రైమరీ (అసలు సర్వర్), దాని కింద రెండు స్టాండ్‌బైలు (దాని నకళ్లు), స్ట్రీమింగ్ రెప్లికేషన్ (ప్రైమరీలో మార్పులు వెంటవెంటనే నకళ్లకి వస్తుంటాయి). మొదటి స్టాండ్‌బై మీద పీజీ_సీటీఎల్ స్టాప్ (సర్వర్‌ని ఆపే కమాండ్) ఇచ్చాను, కనెక్షన్లు తెంచేసి ఆపే ఫాస్ట్ మోడ్‌లోనే. చుక్కలు వరసగా పడుతూ పోయాయి. 60 సెకన్లయ్యాక "సర్వర్ డజ్ నాట్ షట్ డౌన్" అని చేతులెత్తేసింది. మళ్లీ ఇచ్చాను, మళ్లీ అదే.

లాగ్‌లో ఆఖరున రెండే లైన్లు. "రిసీవ్డ్ ఫాస్ట్ షట్‌డౌన్ రిక్వెస్ట్", దాని కింద "అబార్టింగ్ ఎనీ యాక్టివ్ ట్రాన్సాక్షన్స్". ఆ తర్వాత నిశ్శబ్దం. కొత్తగా కనెక్ట్ అవుదామంటే "డేటాబేస్ సిస్టమ్ ఈజ్ షటింగ్ డౌన్" అంటోంది. అంటే చావలేదు, బతికీ లేదు. ఆపే ముందు చూస్తే రెప్లికేషన్ ల్యాగ్ (ప్రైమరీ కంటే ఎంత వెనకబడిందో) సున్నా, డ్యాష్‌బోర్డ్ అంతా పచ్చగా ఉంది. నాకిచ్చిన టైమ్ 2 గంటలు, అందులో 25 నిమిషాలు అయిపోయాయి. టెన్షన్‌గా ఉంది.

పాత_ఒరాకిల్_చెయ్యి
ఇమీడియట్ మోడ్‌లో ఆపండి. మేం ఒరాకిల్‌లో ఇరవై ఏళ్లుగా షట్‌డౌన్ ఇమీడియటే కొడుతున్నాం, ఏనాడూ ఏమీ కాలేదు. స్టాండ్‌బై అయితే ముందు రికవరీని (వచ్చిన మార్పుల్ని వరసగా అమలు చేసే పనిని) క్యాన్సిల్ చేసి ఆపుతాం, అంతే తేడా.

గోడమీదపిల్లి
ప్రాసెస్‌ని అక్కడికక్కడే చంపే కిల్ -9 ఉండగా ఇంత చర్చ ఎందుకు? 😄

లాగ్‌పిచ్చోడు
రాత్రిడ్యూటీ గారూ, పైన ఇద్దరు చెప్పిందీ ఇప్పుడప్పుడే చేయొద్దు. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు మూడు విషయాలు కావాలి. లాగ్‌లో ఆ రెండు లైన్ల కింద "షటింగ్ డౌన్" అని విడిగా ఒక లైన్ ఉందా లేదా, మళ్లీ చూడండి. ఇంకా ఏ ప్రాసెస్‌లు మిగిలున్నాయో చెప్పండి. పీజీ_కంట్రోల్‌డేటా నడిపి "టైమ్ ఆఫ్ లేటెస్ట్ చెక్‌పాయింట్" (మెమరీలోని మార్పుల్ని డిస్కుకి రాసి గుర్తు పెట్టడమే చెక్‌పాయింట్) దగ్గర ఏముందో పెట్టండి. అది డేటా డైరెక్టరీలోని కంట్రోల్ ఫైల్‌ని చదువుతుంది అంతే, సర్వర్ ఏ స్థితిలో ఉన్నా పనిచేస్తుంది.

కొత్తగా_చేరా
ఎవరో ఒక యూజర్ కనెక్షన్ వదలకుండా కూర్చున్నాడేమో? మా దగ్గర అలాగే అయింది. కనెక్షన్ పూల్ 40 కనెక్షన్లు పట్టుకుని కూర్చుంది, సర్వర్ వాటి కోసం కాచుకుని కూర్చుంది.

బ్యాకప్_బామ్మ
@కొత్తగా_చేరా అది స్మార్ట్ మోడ్ సంగతి. స్మార్ట్‌లో అందరూ వాళ్లంతట వాళ్లు వెళ్లేదాకా ఆగుతుంది. స్టాండ్‌బై అయితే అందరూ వెళ్లాకే రికవరీనీ స్ట్రీమింగ్‌నీ ఆపుతుంది. 9.5కి ముందు పీజీ_సీటీఎల్ డిఫాల్ట్ అదే, 9.5 నుంచి ఫాస్ట్ అయింది. మీ స్క్రిప్టు ఆ కాలం నాటిదై ఉంటుంది, లేదా ఎవరో మోడ్‌ని చేత్తో రాసి ఉంటారు. ఈయన ఫాస్ట్ అనే అంటున్నారు, లాగ్ కూడా అదే చెబుతోంది.

కొత్తగా_చేరా
నిజమే బామ్మగారూ, స్క్రిప్టులో స్మార్ట్ అనే ఉంది. రాసినాయన ఉద్యోగం మానేసి చాలా కాలమైంది.

గోడమీదపిల్లి
ఆయనైనా వెళ్లాడు, కనెక్షన్లు వెళ్లలేదు.

నిద్రలేని_నోడ్
నా అనుమానం వేరే. షేర్డ్ బఫర్స్ (డేటాబేస్ వాడే మెమరీ) ఎంత? ఆగే ముందు స్టాండ్‌బై ఒక రీస్టార్ట్‌పాయింట్ (స్టాండ్‌బైలో జరిగే చెక్‌పాయింట్) చేస్తుంది, డర్టీ పేజీలన్నీ (మెమరీలో మారి ఇంకా డిస్కుకి ఎక్కనివి) డిస్కుకి రాస్తుంది. మా దగ్గర బఫర్స్ 64 జీబీ, డిస్కు పాతది. ఒకసారి ఆగడానికి 14 నిమిషాలు పట్టింది, మేమూ ఇలాగే కంగారుపడ్డాం. అప్పటి నుంచి ఆపే ముందు స్టాండ్‌బై మీదే చెక్‌పాయింట్ కమాండ్ ఇస్తాం. రికవరీలో ఉన్న సర్వర్ మీద అది రీస్టార్ట్‌పాయింట్‌గా నడుస్తుంది. ఆ పని ముందే అయిపోతే తర్వాత స్టాప్ అంటే కొద్ది సెకన్లే. నేనైతే ఓపిక పట్టమంటాను.

రాత్రిడ్యూటీ
బఫర్స్ 16 జీబీ. డిస్కు కొత్తదే. ఐఓస్టాట్‌లో చూస్తే రాతలు దాదాపు సున్నా. అది రాస్తూ ఉంటే ఓపిక పట్టేవాణ్నే.

లాగ్‌పిచ్చోడు గారూ, "షటింగ్ డౌన్" లైన్ లేదు. మళ్లీ మళ్లీ చూశాను. ప్రాసెస్‌ల జాబితాలో "పోస్ట్‌గ్రెస్:" అని గ్రెప్ చేస్తే (వెతికితే) లాగర్, చెక్‌పాయింటర్ (చెక్‌పాయింట్లు చేసేది), స్టాట్స్ కలెక్టర్ ఉన్నాయి. పోస్ట్‌మాస్టర్ (అన్నిటికీ తల్లి ప్రాసెస్) ఎలాగూ ఉంది. స్టార్టప్, వాల్ రిసీవర్ (వాల్ అంటే మార్పుల చిట్టా, దాన్ని ప్రైమరీ నుంచి అందుకునేది), బ్యాక్‌గ్రౌండ్ రైటర్ వెళ్లిపోయాయి. కంట్రోల్‌డేటా ఇప్పుడు చూస్తాను.

లాగ్‌పిచ్చోడు
అయితే నిద్రలేని_నోడ్ గారి కేసు కాదిది. కారణం చెప్తాను.

ఫాస్ట్ అనగానే పోస్ట్‌మాస్టర్ ముందు మిగతా అందర్నీ పంపించేస్తుంది. యూజర్ సెషన్లు, రికవరీ చేసే స్టార్టప్ ప్రాసెస్, వాల్ రిసీవర్, అందరూ. అది సక్రమంగా అయింది, మీ జాబితాలోనే కనిపిస్తోంది. ఆ తర్వాత చెక్‌పాయింటర్‌కి "ఇక నువ్వు కానివ్వు" అని సిగ్నల్ పంపుతుంది. చెక్‌పాయింటర్ ఆ సిగ్నల్ అందుకుని మొట్టమొదట చేసే పని లాగ్‌లో "షటింగ్ డౌన్" అని రాయడం. రీస్టార్ట్‌పాయింట్ ఆ తర్వాతే మొదలవుతుంది. రీస్టార్ట్‌పాయింట్ నెమ్మదిగా నడుస్తూ ఉంటే ఆ లైన్ పడి ఉండాలి. పడలేదు. చెక్‌పాయింటర్ ఆ సిగ్నల్‌ని ఇంకా పట్టించుకోనే లేదు, అంతకు ముందు మొదలుపెట్టిన ఏదో పనిలో ఇరుక్కుని ఉంది.

పోస్ట్‌మాస్టర్‌కి ఇక్కడ టైమ్ లిమిట్ లేదు. 60 సెకన్లనేది పీజీ_సీటీఎల్ ఓపిక మాత్రమే, సర్వర్‌ది కాదు.

ఇంకోటి. "పోస్ట్‌గ్రెస్:" అని గ్రెప్ చేశారు కదా, ఆ కోలన్ వల్ల చెక్‌పాయింటర్ పుట్టించిన పిల్ల ప్రాసెస్ ఏదైనా ఉంటే కనిపించదు. గ్రెప్ లేకుండా పీఎస్ (ప్రాసెస్‌ల జాబితా) చెట్టు ఆకారంలో చూడండి, ఎవరి కింద ఎవరున్నారో తెలుస్తుంది.

పాత_ఒరాకిల్_చెయ్యి
ఇంత విశ్లేషణ అవసరమా? ఇమీడియట్ అంటే డేటా పోదు. క్రాష్ అయినా వాల్‌తో రికవర్ అవుతుంది. ఆయనకి టైమ్ లేదంటున్నారు.

బ్యాకప్_బామ్మ
పేరు ఒకటే గానీ అర్థం వేరు నాయనా. ఒరాకిల్‌లో నార్మల్, ట్రాన్సాక్షనల్, ఇమీడియట్, అబార్ట్. పోస్ట్‌గ్రెస్‌లో స్మార్ట్, ఫాస్ట్, ఇమీడియట్. మీ ఇమీడియట్‌కి ఇక్కడ జోడీ ఫాస్ట్. ఇక్కడి ఇమీడియట్ మీ అబార్ట్‌తో సమానం. అందరికీ సిగ్‌క్విట్ (వెంటనే వెళ్లిపొమ్మనే సిగ్నల్) పంపుతుంది, 5 సెకన్లలో పోకపోతే సిగ్‌కిల్ (అదే కిల్ -9). రీస్టార్ట్‌పాయింట్ ఉండదు. ఒరాకిల్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది మొదటి నెలలో ఈ గుంటలోనే పడతారు. నేనూ పడ్డాను, అందుకే తెలుసు.

పాత_ఒరాకిల్_చెయ్యి
ఓహో. ఇది నిజంగా తెలియదు. అబార్ట్ అని నేనూ చెప్పను.

రాత్రిడ్యూటీ
కంట్రోల్‌డేటా చూసి చెమటలు పట్టాయి. క్లస్టర్ స్టేట్ "ఇన్ ఆర్కైవ్ రికవరీ" అని ఉంది, అది సరే. టైమ్ ఆఫ్ లేటెస్ట్ చెక్‌పాయింట్ మాత్రం గురువారం రాత్రి 11:38. ఇవాళ ఆదివారం!

చెట్టు కూడా చూశాను. చెక్‌పాయింటర్ కింద పీజీ_ఆర్కైవ్‌క్లీనప్ (ఆర్కైవ్‌లో పాత వాల్ ఫైళ్లు తీసేసేది) అని ఒకటి వేలాడుతోంది. మొదలైంది గురువారం రాత్రి. స్టేట్ కాలమ్‌లో డి (ఐఓ కోసం కదలకుండా కాచుకున్న స్థితి).

లాగ్‌పిచ్చోడు
దొరికింది. ఆర్కైవ్ (వాల్ కాపీలు దాచే చోటు) ఎక్కడుంది? ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీదుగా వాడే డిస్కు) మౌంటేనా?

రాత్రిడ్యూటీ
అవును ఎన్ఎఫ్ఎస్. ఆ డైరెక్టరీ మీద ఎల్ఎస్ కొట్టాను, ఆ టెర్మినల్ కూడా బిగుసుకుపోయింది. లోడ్ యావరేజ్ (సర్వర్ మీద ఉన్న పనుల సగటు) 40 దాటి ఉంది, సీపీయూ మాత్రం ఖాళీ. ఇంతకు ముందు అది చూసి అర్థం కాక వదిలేశాను.

గోడమీదపిల్లి
ఇప్పుడు రెండు టెర్మినళ్లు ఆపాలి.

నిద్రలేని_నోడ్
నా ఊహ తప్పింది, ఒప్పుకుంటున్నా. లోడ్ సంగతి మాత్రం నేను చెప్తా. లినక్స్‌లో డి స్టేట్‌లో ఉన్నవాటినీ లోడ్ యావరేజ్‌లో లెక్కేస్తారు. 40 అంటే అక్కడ ఇరుక్కున్నవి ఇంకా చాలా ఉన్నాయి. డిఎఫ్‌లు (డిస్కులో ఎంత ఖాళీ ఉందో చూపే కమాండ్) ఉన్నాయేమో చూడండి. మానిటరింగ్ ఏజెంట్ నిమిషానికోసారి డిఎఫ్ నడుపుతూ ఉంటుంది కదా.

రాత్రిడ్యూటీ
38 డిఎఫ్‌లు ఉన్నాయి! ఏజెంట్ ఒక లిమిట్ దాకా పుట్టించి ఆపేసినట్టుంది. అందుకేనా డిస్క్ అలర్ట్ రాలేదు? పీజీ_వాల్ డైరెక్టరీ 210 జీబీ అయి ఉంది. మ్యాక్స్_వాల్_సైజ్ 4 జీబీయే పెట్టాం.

కొత్తగా_చేరా
నాకు ఒకటి అర్థం కావడం లేదు. ఆర్కైవ్ మూడు రోజులుగా చచ్చి ఉంటే రెప్లికేషన్ ల్యాగ్ సున్నా ఎలా ఉంది?

లాగ్‌పిచ్చోడు
మంచి ప్రశ్న, అసలు కిటుకు అక్కడే ఉంది.

స్ట్రీమింగ్ నడుస్తున్నంత సేపు స్టాండ్‌బైకి వాల్ ప్రైమరీ నుంచి నేరుగా వస్తుంది. రిస్టోర్_కమాండ్‌ని (ఆర్కైవ్ నుంచి వాల్ తెచ్చేదాన్ని) పిలవాల్సిన అవసరమే రాదు, కాబట్టి ఆర్కైవ్ ఉన్నా లేకపోయినా స్టార్టప్ ప్రాసెస్‌కి పట్టదు. అది వచ్చింది వచ్చినట్టు రీప్లే చేసుకుంటూ పోయింది, ల్యాగ్ సున్నా.

ఆర్కైవ్_క్లీనప్_కమాండ్ (మీ పీజీ_ఆర్కైవ్‌క్లీనప్‌ని పిలిచే సెట్టింగ్) సంగతి వేరు. దాన్ని నడిపేది చెక్‌పాయింటర్, ప్రతి రీస్టార్ట్‌పాయింట్ చివర. అది ముగిసేదాకా చెక్‌పాయింటర్ కదలదు. గురువారం రాత్రి 11:38 నాటి చెక్‌పాయింట్‌కి రీస్టార్ట్‌పాయింట్ అయింది, చివర క్లీనప్ పిలిచింది, క్లీనప్ ఎన్ఎఫ్ఎస్‌లో ఇరుక్కుంది. ఆ క్షణం నుంచి ఈ సర్వర్‌లో ఇంకో రీస్టార్ట్‌పాయింట్ జరగలేదు. పాత వాల్‌ని తీసేసేదీ రీస్టార్ట్‌పాయింటే కాబట్టి 210 జీబీ పేరుకుంది. ఇవాళ మీరు ఆపమంటే ఆ ఇరుకు బయటపడింది, అంతే. షట్‌డౌన్ దీనికి కారణం కాదు.

పోస్ట్‌గ్రెస్ 15 అయి ఉంటే ముందే పట్టుకునే వీలుండేది. ఈ బయటి కమాండ్లకి వెయిట్ ఈవెంట్లు (ప్రాసెస్ దేని కోసం ఆగిందో చూపే పేర్లు) అందులో వచ్చాయి. పీజీ_స్టాట్_యాక్టివిటీలో చెక్‌పాయింటర్ పక్కన ఆర్కైవ్‌క్లీనప్‌కమాండ్ అని కనిపించేది. లాగ్_చెక్‌పాయింట్స్ (చెక్‌పాయింట్లని లాగ్‌లో రాసే సెట్టింగ్) డిఫాల్ట్‌గా ఆన్ అయిందీ 15 నుంచే. మీ 14లో ఆఫ్‌లో ఉండి ఉంటుంది, అందుకే రీస్టార్ట్‌పాయింట్ లైన్లు ఆగిపోయిన సంగతి ఎవరికీ తెలియలేదు. అసలు లేని లైన్లు ఆగాయని ఎవరు గమనిస్తారు?

ఇమీడియట్ ఎందుకు వద్దన్నానో కూడా ఇప్పుడు చెప్పొచ్చు. డేటా పోదు, అది పాత_ఒరాకిల్_చెయ్యి గారు అన్నట్టు నిజమే. కానీ మళ్లీ లేచినప్పుడు రికవరీ చివరి రీస్టార్ట్‌పాయింట్ నుంచి మొదలవుతుంది. అంటే గురువారం నుంచి. 210 జీబీ అంటే 16 ఎంబీ ఫైళ్లు 13 వేల పైచిలుకు. రీప్లే చేసేది ఒక్కటే ప్రాసెస్. కన్సిస్టెంట్ స్థితికి చేరేదాకా క్వెరీలు తీసుకోదు. మీ 2 గంటల్లో అది తెమలదు.

గోడమీదపిల్లి
కిల్ -9 అన్న నా పోస్టు ఎవరైనా తీసేయండి, నాకు సిగ్గేస్తోంది.

బ్యాకప్_బామ్మ
ఉండనీ. రేపు ఇంకొకరు అదే అడుగుతారు, కింద జవాబు ఉంటుంది.

చిన్న_షెల్
మరి చెక్‌పాయింటర్‌ని వదిలేసి ఆ పిల్ల ప్రాసెస్‌నే చంపితే? డి స్టేట్ అయినా ఎన్ఎఫ్ఎస్ విషయంలో 2.6.25 తర్వాతి కెర్నల్స్‌లో సిగ్‌కిల్ పనిచేస్తుంది. మౌంట్ ఆప్షన్లలో ఇంటర్ అనేదాన్ని అప్పటి నుంచే పట్టించుకోవడం మానేశారు.

లాగ్‌పిచ్చోడు
చంపొచ్చు. నాకు భయం ఒక్కటే. ఆ కమాండ్ మామూలుగా ఫెయిలైతే వార్నింగ్‌తో సరిపెట్టుకుంటుంది గానీ సిగ్నల్‌తో చచ్చిపోతే ఫేటల్ ఎర్రర్ అని డాక్యుమెంటేషన్‌లో ఉంది. చెక్‌పాయింటర్ పడిపోతే మనం తప్పించుకోవాలనుకున్న క్రాష్ రికవరీకే వెళ్తాం. సిగ్నల్ లేకుండా అదంతట అదే ఎర్రర్‌తో బయటికొచ్చేలా చేస్తే మేలు.

చిన్న_షెల్
అయితే అన్‌మౌంట్ -ఎఫ్ (మౌంట్‌ని బలవంతంగా ఊడదీసే కమాండ్). బిజీ అని తిట్టినా సరే, పెండింగ్‌లో ఉన్న ఎన్ఎఫ్ఎస్ రిక్వెస్టుల్ని ఐఓ ఎర్రర్‌తో తిప్పి పంపుతుంది. క్లీనప్ ఆ ఎర్రర్ చూసి నాన్‌జీరో (ఎర్రర్) కోడ్‌తో బయటికొస్తుంది. డిఎఫ్‌లు కూడా వదులుతాయి. వెంటనే రెండోసారి అన్‌మౌంట్ కొడితే ఊడిపోతుంది.

లాగ్‌పిచ్చోడు
అదే నాకూ నచ్చింది. రెండోసారి మాత్రం మరిచిపోవద్దు. చెక్‌పాయింటర్ విడుదలయ్యాక షట్‌డౌన్ రీస్టార్ట్‌పాయింట్ చేస్తుంది, దాని చివర కూడా అదే క్లీనప్‌ని మళ్లీ పిలుస్తుంది. మౌంట్ అలాగే ఉంటే మళ్లీ అక్కడే ఇరుక్కుంటుంది. ఊడిపోయి ఉంటే ఖాళీ డైరెక్టరీ కనిపిస్తుంది, తీసేయడానికేమీ లేక ఊరుకుంటుంది.

మూలన_కూర్చున్నా
ఎలాగూ కెర్నల్ ప్యాచ్ కోసమే కదా, మెషిన్‌ని రీబూట్ చేసేస్తే పోయేదానికి?

బ్యాకప్_బామ్మ
రీబూట్ అంటే సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసుల్ని నడిపేది) ఆపుతుంది. సర్వీస్ ఫైల్లో మార్చకపోతే 90 సెకన్లు చూసి సిగ్‌కిల్ కొడుతుంది. పైన వద్దన్నది అదే కదా. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్‌లోని సర్వీస్ ఫైల్ నమూనాలో టైమ్‌ఔట్‌ని ఇన్ఫినిటీ పెట్టారు. పైగా చచ్చిన ఎన్ఎఫ్ఎస్ మౌంట్ ఉంటే రీబూట్ కూడా మధ్యలో ఆగి కూర్చోవచ్చు. గోరుచుట్టు మీద రోకలిపోటు.

కొత్తగా_చేరా
పోస్ట్‌మాస్టర్.పిడ్ ఫైల్ తీసేస్తే ఆగిపోయిందనుకుంటుందని ఎక్కడో చదివాను…

లాగ్‌పిచ్చోడు
వద్దు తమ్ముడూ. పాత ప్రాసెస్‌లు బతికుండగా ఇంకో సర్వర్ అదే డేటా మీద లేవకుండా అడ్డుకునే కాపలా అది. దాన్ని చేత్తో తీసే అలవాటు చేసుకోవద్దు.

రాత్రిడ్యూటీ
అయింది!!

అన్‌మౌంట్ -ఎఫ్ మొదటిసారి "బిజీ" అంది. వెంటనే లోడ్ పడిపోవడం కళ్లారా చూశాను, డిఎఫ్‌లన్నీ మాయం. లాగ్‌లో క్లీనప్ ఐఓ ఎర్రర్, దాని కింద వార్నింగ్, ఆ కింద మీరన్న "షటింగ్ డౌన్" లైన్! రెండోసారికి మౌంట్ ఊడిపోయింది. ఆ తర్వాత 11 నిమిషాలు డిస్కు రాస్తూనే ఉంది (నిద్రలేని_నోడ్ గారూ, ఇక్కడ మీ ఓపిక పనికొచ్చింది). చివరికి "డేటాబేస్ సిస్టమ్ ఈజ్ షట్ డౌన్". కంట్రోల్‌డేటాలో "షట్ డౌన్ ఇన్ రికవరీ". పీజీ_వాల్ చిన్నదైపోయింది.

ప్యాచ్ వేసి లేపాను, నిమిషంలోపే ప్రైమరీని అందుకుంది. స్టోరేజ్ టీమ్‌ని అడిగితే గురువారం రాత్రి ఆర్కైవ్‌ని కొత్త ఐపీకి మార్చారట. మెయిల్ పెట్టామన్నారు. ఆ మెయిల్ ప్రైమరీ వాళ్లకి వెళ్లింది, మాకు రాలేదు. ప్రస్తుతానికి ఆర్కైవ్_క్లీనప్_కమాండ్‌ని ఖాళీ చేశాను.

నిద్రలేని_నోడ్
😄 ఇంకో పక్క నుంచి చూస్తే నా ఊహ తప్పలేదు, కాస్త ముందు చెప్పానంతే.

చిన్న_షెల్
క్లీనప్‌ని ఖాళీ చేయడం బాగానే ఉంది గానీ ఆర్కైవ్ పెరుగుతూ పోతుంది, గుర్తుంచుకోండి. నేనైతే తిరిగి పెట్టేటప్పుడు దాని ముందు టైమ్‌ఔట్ కమాండ్ తగిలిస్తాను, 120 సెకన్లు దాటితే చంపేలా.

లాగ్‌పిచ్చోడు
టైమ్‌ఔట్ మామూలుగా పంపేది సిగ్‌టర్మ్ (మర్యాదగా వెళ్లమనే సిగ్నల్), ఎన్ఎఫ్ఎస్‌లో ఇరుక్కున్నదాన్ని అది కదపలేదు. కిల్-ఆఫ్టర్ (అప్పటికీ పోకపోతే సిగ్‌కిల్ పంపే ఆప్షన్) కూడా పెట్టాలి. పెడితే ఇందాకటి ఫేటల్ భయం మళ్లీ వస్తుంది, కాబట్టి ఒక ర్యాపర్ స్క్రిప్టులో (ఆ కమాండ్‌ని చుట్టి నడిపేది) పెట్టి చివర మామూలు ఎర్రర్ కోడ్ తిప్పి పంపండి. నా ఓటు మాత్రం, ఆ క్లీనప్‌ని డేటాబేస్ చేతిలోంచి తీసేసి విడిగా క్రాన్‌లో (టైమ్ ప్రకారం పనులు నడిపేది) నడపడానికి.

చిన్న_షెల్
క్రాన్‌లో అయితే ఏ ఫైల్ దాకా తీసేయాలో మీరే లెక్కేసుకోవాలి, చివరి రీస్టార్ట్‌పాయింట్‌కి కావాల్సింది తీసేస్తే తంటా. కమాండ్‌లో అయితే ఆ ఫైల్ పేరుని పర్సెంట్ ఆర్ దానంతట అదే ఇస్తుంది. నేను ఒప్పుకోను.

లాగ్‌పిచ్చోడు
కంట్రోల్‌డేటాలో రీడూ వాల్ ఫైల్ పేరు ఉంటుంది, అక్కడి నుంచి తీసుకోవచ్చు. సరే, మీ పద్ధతిలోనూ తప్పు లేదు.

పాత_ఒరాకిల్_చెయ్యి
అలర్ట్ దేని మీద పెట్టాలి మరి? ల్యాగ్ సున్నాని నమ్మలేం అని తేలింది కదా.

బ్యాకప్_బామ్మ
పీజీ_కంట్రోల్_చెక్‌పాయింట్ అని ఫంక్షన్ ఉంది, ఎస్‌క్యూఎల్‌లోనే చెక్‌పాయింట్_టైమ్ ఇస్తుంది. ఇప్పటి టైమ్‌లోంచి అది తీసేసి గంట దాటితే మోగించండి. డిస్కు మీద ఏ కమాండూ నడపక్కర్లేదు, కాబట్టి డిఎఫ్‌లా ఇరుక్కోదు. ప్రైమరీలో కూడా చెక్‌పాయింట్లు పడకపోతే స్టాండ్‌బైలోనూ పాతదే కనిపిస్తుంది, అది చూసి భయపడకండి. రాతలు బాగా ఉన్న చోట ఆ ఇబ్బంది రాదు.

మూలన_కూర్చున్నా
రాత్రిడ్యూటీ గారూ, మొదట్లో రెండు స్టాండ్‌బైలు అన్నారు. రెండోది కూడా ఆ ఆర్కైవ్‌నే మౌంట్ చేసుకుందా?

రాత్రిడ్యూటీ
ఒక్క నిమిషం.

రాత్రిడ్యూటీ
గురువారం రాత్రి 11:38. పీజీ_వాల్ 212 జీబీ. ఇంకా 50 నిమిషాలు ఉన్నాయి, వెళ్తున్నా.